‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ ఎనిమిదో సీజన్: నవ్వుల ఇల్లు బరువెక్కిన ఏడాది

1978 మార్చి 19, ఆదివారం రాత్రి. అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్ నెట్‌వర్క్‌లో ఒక కుటుంబ హాస్య ధారావాహిక ఎపిసోడ్ ప్రసారమైంది. కథలో చెప్పుకోదగ్గ పెద్ద మలుపేమీ లేదు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో నివసించే ఒక సామాన్య కుటుంబం నుంచి కూతురు, అల్లుడు, మనవడు దేశానికి ఆ కొసన ఉన్న కాలిఫోర్నియాకు తరలిపోతారు. ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరే మిగులుతారు. ఏడేళ్లకు పైగా ఆ ఇంటిని వారం వారం చూస్తూ వచ్చిన ప్రేక్షకులకు మాత్రం అది తమ ఎరుకలోని ఒక ఇల్లు ఖాళీ అవుతున్న ఘట్టం.

ఆ ధారావాహిక పేరు ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’. ఆ రాత్రితో ముగిసింది దాని ఎనిమిదో సీజన్. అమెరికాలో శరదృతువులో మొదలై వసంతంలో ముగిసే ప్రసారాల వరుసను ఒక సీజన్‌గా లెక్కిస్తారు. ఏళ్ల తరబడి సాగిన హాస్య ధారావాహికలు చివరి సీజన్లకు చేరేసరికి సాధారణంగా పాత హాస్యాన్నే తిప్పి తిప్పి వడ్డిస్తుంటాయి. 1977-78లో ప్రసారమైన ఈ సీజన్ అందుకు భిన్నమైన దారి పట్టింది. ప్రేక్షకులకు తన పాత్రలతో ఏర్పడిన సుదీర్ఘ పరిచయాన్నే మూలధనంగా చేసుకుని, తొలి సీజన్లలో ఎత్తుకోవడానికి సాధ్యం కాని విషయాలను ఎత్తుకుంది. లైంగిక దాడి, ద్వేషంతో జరిగే హత్య, దైవవిశ్వాసానికి తగిలిన దెబ్బ, బాల్యంలో తిన్న దెబ్బలు ఒక మనిషిని ఎలా మలుస్తాయన్న ప్రశ్న ఇందులో ఉన్నాయి. టెలివిజన్ చరిత్రను అధ్యయనం చేసేవారు నేటికీ ఈ సీజన్‌ను ప్రస్తావించడానికి కారణం ఇదే.

నేపథ్యం

ఈ ధారావాహికకు మూలం బ్రిటన్‌లో ఉంది. జానీ స్పైట్ రచించిన ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ అనే హాస్య ధారావాహికను బీబీసీ 1960వ దశకంలో ప్రసారం చేసింది. లండన్‌లోని శ్రామికవాడలో నివసించే ఆల్ఫ్ గార్నెట్ అనే నోటి దురుసు మనిషి దాని కేంద్ర పాత్ర. అమెరికన్ రచయిత, నిర్మాత నార్మన్ లియర్ ఆ కథాంశాన్ని తమ దేశపు పరిస్థితులకు అనువుగా మలిచారు. భార్యను నోరు మూసుకోమని గదమాయించే భర్త పాత్రకు తన సొంత తండ్రే నమూనా అని లియర్ అనేక సందర్భాల్లో చెప్పారు. ఏబీసీ నెట్‌వర్క్ కోసం రెండుసార్లు నమూనా ఎపిసోడ్లు తయారు చేసినా ఆ సంస్థ అంగీకరించలేదు. చివరకు సీబీఎస్ ముందుకు వచ్చింది. 1971 జనవరి 12న తొలి ఎపిసోడ్ ప్రసారమైంది. ప్రేక్షకులు ఆగ్రహిస్తారేమోనన్న సంకోచంతో, ఇది మన లోపాలపై హాస్యపు వెలుగును ప్రసరింపజేసే ప్రయత్నమని వివరించే ప్రకటనను సీబీఎస్ ముందుగా తెరపై చూపింది.

కథ నడిచేది క్వీన్స్‌లోని హౌసర్ వీధిలో ఉన్న ఒక చిన్న ఇంట్లో. ఇంటి యజమాని ఆర్చీ బంకర్ సరుకులు ఎక్కించి దించే రేవులో మేస్త్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు. నల్లజాతీయులన్నా, యూదులన్నా, వలస వచ్చినవారన్నా, స్త్రీల హక్కులన్నా అతనికి గిట్టదు. భార్య ఈడిత్ లోకం తెలియని అమాయకురాలిలా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదిలో అందరికంటే స్పష్టంగా మంచిచెడ్డలు తెలిసినది ఆమెకే. కూతురు గ్లోరియా, అల్లుడు మైక్ స్టివిక్ కొత్త తరానికి ప్రతినిధులు. పోలిష్ మూలాలున్న మైక్ చదువుకునే రోజుల్లో అత్తవారింట్లోనే ఉండి, వారి తిండి తింటూ, మామగారితో నిత్యం వాదిస్తుంటాడు. మన వాడుకలో చెప్పాలంటే అది ఇష్టంలేని ఇల్లరికం. ఆర్చీ అతన్ని పిలిచే ‘మీట్‌హెడ్’ అన్న మాటకు మట్టిబుర్ర అని అర్థం చెప్పుకోవచ్చు.

క్యారల్ ఓకానర్, జీన్ స్టేపుల్టన్, శాలీ స్ట్రూథర్స్, రాబ్ రైనర్ ఈ నాలుగు పాత్రలను పోషించారు. స్టూడియోలో ప్రేక్షకుల సమక్షంలో వీడియో టేపుపై చిత్రీకరించడం వల్ల నాటకం చూస్తున్న అనుభూతి కలిగేది. 1971-72 నుంచి 1975-76 వరకు వరుసగా ఐదు సీజన్లు ఈ ధారావాహిక అమెరికాలో అత్యధిక ప్రేక్షకాదరణ పొందిన కార్యక్రమంగా నిలిచింది. ‘మాడ్’, ‘ది జెఫర్‌సన్స్’ వంటి ఇతర ధారావాహికలు దీనిలోని పాత్రల నుంచే పుట్టాయి.

మారిన కాలం

ఎనిమిదో సీజన్ మొదలయ్యే నాటికి అమెరికా మారిపోయింది. తొలి ఎపిసోడ్ నాటికి వియత్నాం యుద్ధం సాగుతోంది, రిచర్డ్ నిక్సన్ అధ్యక్షుడిగా ఉన్నారు. 1977 శరదృతువు నాటికి యుద్ధం ముగిసింది, నిక్సన్ రాజీనామా చేసి మూడేళ్లు గడిచాయి, జిమ్మీ కార్టర్ అధ్యక్షుడయ్యారు. మామా అల్లుళ్ల వాదనలకు ముడిసరుకైన రాజకీయ వేడి చల్లారింది. టెలివిజన్‌లో కూడా ‘హ్యాపీ డేస్’, ‘లావెర్న్ అండ్ షర్లీ’ వంటి తేలికపాటి హాస్య ధారావాహికలు అగ్రస్థానానికి చేరుకున్నాయి.

ధారావాహిక లోపల కూడా మార్పులు వచ్చాయి. మైక్ చదువు ముగించి అధ్యాపకుడయ్యాడు. అతడు, గ్లోరియా పక్కింటికి మారారు. వారికి జోయీ అనే కొడుకు పుట్టాడు. ఒకే కప్పు కింద తగువులాడుకునే నలుగురి కథ ఇప్పుడు రెండిళ్ల కథ అయింది. రైనర్, స్ట్రూథర్స్ తప్పుకోబోతున్నారు. అంటే ఈ 24 ఎపిసోడ్లు నలుగురూ కలిసి ఉండే చివరి వరుస. ఆదివారం రాత్రి 9 గంటల సమయంలో, పాల్ బొగార్ట్ దర్శకత్వంలో ఇవి ప్రసారమయ్యాయి.

కార్మికుడు యజమాని అయిన వేళ

సీజన్ 1977 అక్టోబరు 2న ఆర్చీ జీవితంలో ఒక పెద్ద మలుపుతో మొదలైంది. అతడు నిత్యం వెళ్లే కెల్సీ బార్ అమ్మకానికి వస్తుంది. జీవితమంతా ఒకరి కింద పనిచేసిన తనకు యజమాని అయ్యే అవకాశం ఇదొక్కటేనని ఆర్చీ భావిస్తాడు. అందుకు ఇంటిని తాకట్టు పెట్టాలి. ఈడిత్ ఒప్పుకోదు. ఆమె సంతకాన్ని తానే పెట్టేస్తాడు.

పాత సీజన్లలో ఆర్చీ చేసే తప్పులు చాలావరకు మాటల్లోనే ఉండేవి. ఇది చేత. ఉమ్మడి కష్టార్జితమైన ఇంటిని భార్యకు తెలియకుండా పణంగా పెట్టడం ఏ దేశపు ప్రేక్షకులకైనా అర్థమయ్యే ద్రోహం. ఈడిత్ కోపం కూడా ఈసారి నిజమైన కోపమే. తర్వాతి ఎపిసోడ్లలో వ్యాపారం ఆశించినట్లు సాగక, ఆర్చీ ఉత్సాహం కోసం మాత్రలు మింగడం అలవాటు చేసుకుంటాడు. రెండు ఎపిసోడ్లలో సాగిన ఆ కథ, సొంత వ్యాపారం అనే కల వెనుక ఉండే భయాన్ని చూపింది.

‘కజిన్ లిజ్’

అక్టోబరు 9న ప్రసారమైన ‘కజిన్ లిజ్’లో ఈడిత్ దగ్గరి చుట్టం, ఉపాధ్యాయిని అయిన లిజ్ మరణిస్తుంది. అంత్యక్రియలకు వెళ్లిన ఈడిత్‌తో, లిజ్‌తో పాతికేళ్లు కలిసి నివసించిన వెరోనికా ఒక నిజం చెబుతుంది. తామిద్దరం స్నేహితులమే కాదని, దంపతుల్లా బతికామని వివరిస్తుంది. చట్టప్రకారం లిజ్ ఆస్తికి వారసురాలు ఈడిత్. అందులో ఒక పాతకాలపు వెండి టీ సామగ్రి ఉంది. దాని విలువ తెలిసిన ఆర్చీ కోర్టుకైనా వెళ్లి దక్కించుకోవాలంటాడు. విషయం బయటపడితే వెరోనికా ఉపాధ్యాయ ఉద్యోగం పోతుంది.

వెరోనికా చెప్పిన మాటను జీర్ణించుకోవడానికి ఈడిత్‌కు కొన్ని క్షణాలు పడుతుంది. అంతలోనే ఆమెకు ఒక విషయం స్పష్టమవుతుంది. తన కుటుంబంలో ఒక మనిషి చనిపోయింది, ఆ చావుకు అందరికంటే ఎక్కువగా ఏడ్చే హక్కు ఎదుట నిలబడిన ఈ స్త్రీది. వెండి సామగ్రి ఆమెకే ఇచ్చేస్తుంది.

ఆనాటి పరిస్థితుల్లో ఇది చిన్న విషయం కాదు. అంతకు నాలుగు నెలల ముందే, 1977 జూన్‌లో, ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీ ఓటర్లు స్వలింగ సంపర్కులకు వివక్ష నుంచి రక్షణ కల్పించే స్థానిక శాసనాన్ని రద్దు చేశారు. అలాంటివారిని ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా ఉంచరాదన్న ప్రతిపాదనపై 1978 నవంబరులో కాలిఫోర్నియాలో ఓటింగ్ జరిగింది. దాన్ని ఓటర్లు తిరస్కరించారు. ‘కజిన్ లిజ్’ ఆ రెండు ఓటింగుల మధ్య కాలంలో ప్రసారమైంది.

ఈడిత్ యాభయ్యో పుట్టినరోజు

అక్టోబరు 16న గంట నిడివితో ప్రసారమైన ‘ఈడిత్స్ ఫిఫ్టియత్ బర్త్‌డే’ ఈ సీజన్‌లోకెల్లా ఎక్కువగా చర్చకు వచ్చింది. పక్కింట్లో కూతురు, అల్లుడు, భర్త ఆమెకు తెలియకుండా పుట్టినరోజు వేడుకకు ఏర్పాట్లు చేస్తుంటారు. ఇంట్లో ఈడిత్ ఒంటరిగా ఉంటుంది. అత్యాచారాలకు పాల్పడుతున్న ఒక నేరస్తుణ్ని వెతుకుతున్న పోలీసు అధికారినని చెప్పి ఒక అపరిచితుడు లోపలికి వస్తాడు. అతడే ఆ నేరస్తుడు. డేవిడ్ డ్యూక్స్ ఆ పాత్ర పోషించారు.

స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల నవ్వులు కొంతసేపటికి మారిపోవడం రికార్డింగులో వినవచ్చు. ఈడిత్ తన సహజ ధోరణిలో అమాయకంగా మాట్లాడుతూ అతడి దృష్టి మళ్లించడానికి ప్రయత్నిస్తుంది. ఆ మాటలకు నవ్వు వస్తుంది, మరుక్షణమే ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. చివరకు పొయ్యిలో మాడిపోతున్న కేకును అతడి ముఖాన కొట్టి ఆమె తప్పించుకుంటుంది. అక్కడ ప్రేక్షకులు చేసిన హర్షధ్వానం ధారావాహిక చరిత్రలో ప్రసిద్ధమైంది.

ఎపిసోడ్ అసలు విలువ రెండో సగంలో ఉంది. తప్పించుకుంది కాబట్టి సమస్య తీరిపోయిందని కథ చెప్పలేదు. ఈడిత్ బయటికి వెళ్లడానికి భయపడుతుంది. పోలీసుల వద్దకు వెళ్లనంటుంది. ఆర్చీ కూడా ఆ గొడవ వద్దనుకుంటాడు. ఇంటి పరువు, అపరిచితుల ప్రశ్నలు అన్న భయం మనకు కొత్తది కాదు. కూతురు గ్లోరియా తల్లితో కఠినంగా మాట్లాడుతుంది. మౌనంగా ఉంటే మరో స్త్రీ బలవుతుందన్నది ఆమె వాదన. తల్లీకూతుళ్ల ఘర్షణ తర్వాత ఈడిత్ నిందితుణ్ని గుర్తించడానికి బయలుదేరుతుంది. ఈ ఎపిసోడ్ తయారీలో నిర్మాతలు లైంగిక దాడి బాధితులకు చికిత్స, సహాయం అందించే నిపుణుల సలహాలు తీసుకున్నారు.

ఇదే కథను తొలి సీజన్‌లో చెప్పి ఉంటే అది ఒక సామాజిక సందేశంగా మిగిలేది. ఏడేళ్ల పరిచయం తర్వాత ప్రమాదంలో పడింది ప్రేక్షకులకు బాగా తెలిసిన ఈడిత్. ఆ తేడాయే వారిని కుదిపివేసింది.

ముసుగుల మధ్య ఆర్చీ

నవంబరు చివర, డిసెంబరు మొదట్లో రెండు భాగాలుగా వచ్చిన కథలో ఆర్చీని ఒక సంఘంలో చేరమని కొందరు ఆహ్వానిస్తారు. గౌరవం దక్కిందని పొంగిపోతాడు. అది తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ శాఖ అని తర్వాత తెలుస్తుంది. వారు బెదిరింపు చిహ్నంగా శిలువను తగలబెట్టాలని నిర్ణయించిన చోటు మరెక్కడో కాదు, పత్రికకు ఉత్తరం రాసిన మైక్ ఇంటి ముందే.

ఇక్కడ రచయితలు ఆర్చీకి అద్దం చూపారు. తన మాటలనే మరింత కటువుగా మాట్లాడే మనుషుల మధ్య అతడు మొదటిసారి భయపడతాడు. గతంలో శస్త్రచికిత్స జరిగినప్పుడు ఒక నల్లజాతి వ్యక్తి రక్తం తనకు ఎక్కించారన్న సంగతిని వాడుకుని, తాను కూడా నల్లజాతివాడినేనని వారికి చెప్పి ఎదురు నిలుస్తాడు. దీంతో ఆర్చీ దురభిప్రాయాలు తొలగిపోయాయని కథ చెప్పదు. అతడు మాట్లాడే మాటకు, అతడు దాటని గీతకు మధ్య ఎంత దూరం ఉందో మాత్రం చూపుతుంది.

ఈడిత్ విశ్వాసానికి పరీక్ష

క్రిస్మస్ రోజుల్లో ప్రసారమైన ‘ఈడిత్స్ క్రైసిస్ ఆఫ్ ఫెయిత్’లో బెవర్లీ లాసాల్ అనే పాత్ర మళ్లీ కనిపిస్తుంది. స్త్రీ వేషంలో ప్రదర్శనలిచ్చే కళాకారుడు బెవర్లీ. 1975లో ఆర్చీ టాక్సీలో స్పృహ తప్పినప్పుడు ఆర్చీ అతణ్ని కాపాడతాడు. స్త్రీ అనుకుని కాపాడి, నిజం తెలిశాక తలపట్టుకుంటాడు. అది అప్పట్లో నవ్వుల కథ. ఈడిత్ మాత్రం బెవర్లీని ఇంటి మనిషిగా చూసుకుంటుంది. లోరీ షానన్ ఈ పాత్రను మూడు సందర్భాల్లో పోషించారు.

మూడోసారి బెవర్లీ పండుగ శుభాకాంక్షలతో వస్తాడు. ఆ రాత్రి మైక్‌పై దుండగులు దాడి చేస్తారు. అతణ్ని కాపాడబోయి బెవర్లీ ప్రాణాలు కోల్పోతాడు. బెవర్లీ తమలాంటివాడు కాకపోవడమే హంతకుల కసికి కారణమని కుటుంబానికి అర్థమవుతుంది. ఏ రోజూ ప్రార్థన మానని ఈడిత్ చర్చికి వెళ్లడం ఆపేస్తుంది. అంత మంచి మనిషిని అలా చంపనిచ్చిన దేవుడితో తనకు మాటల్లేవన్నది ఆమె వైఖరి.

ఆమెను తిరిగి పండుగ భోజనానికి రప్పించినవాడు భక్తుడైన ఆర్చీ కాదు, దేవుణ్ని నమ్మని అల్లుడు మైక్. అతడు ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడు. అన్నీ ఒకేసారి అర్థం కావాలని లేదేమో అని మాత్రం అంటాడు. అత్తగారు లేకుండా ఆ ఇల్లు నిలవదని చెబుతాడు. ఈడిత్ వచ్చి బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆమె విశ్వాసం పూర్తిగా తిరిగి వచ్చిందని ఎపిసోడ్ తేల్చి చెప్పదు. హాస్య ధారావాహిక ఒకటి క్రిస్మస్ వారంలో ఇలాంటి ముగింపును ఎంచుకోవడం అప్పటికి అరుదు.

గిడ్డంగిలో ఒక రాత్రి

1978 ఫిబ్రవరి 12న వచ్చిన ‘టూస్ ఎ క్రౌడ్’లో పాత్రలు దాదాపు రెండే. మామా అల్లుళ్లు బార్ గిడ్డంగిలో పొరపాటున చిక్కుకుపోతారు. చలి, మద్యం, చీకటి. మత్తులో ఆర్చీ తన చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెడతాడు.

1930వ దశకపు ఆర్థిక మాంద్యం రోజులవి. తండ్రికి పని లేదు. ఒక కాలికి ఒక రకం జోడు, మరో కాలికి మరో రకం జోడు వేసుకుని బడికి వెళ్లిన ఆర్చీని తోటి పిల్లలు ఎగతాళి చేశారు. తండ్రి కొట్టేవాడు, చీకటి అరలో బంధించేవాడు. ఇతర జాతులవారిని ఏ మాటలతో పిలవాలో నేర్పింది కూడా ఆయనే. నీ తండ్రి చెప్పింది తప్పని మైక్ అంటే ఆర్చీ ఒప్పుకోడు. తనకు తిండి పెట్టిన, తనను ప్రేమించిన తండ్రి తప్పు ఎలా అవుతాడన్నది అతని ఎదురు ప్రశ్న. అలా మాట్లాడుతూనే నిద్రలోకి జారుకుంటాడు. మైక్ అతనిపై దుప్పటిలా కప్పి పక్కన పడుకుంటాడు.

ఏళ్ల తరబడి ప్రేక్షకులు నవ్విన మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఈ ఎపిసోడ్ చూపింది. ఆర్చీని క్షమించమని అది అడగలేదు. ద్వేషాన్ని తండ్రి కొడుక్కి ప్రేమ పేరుతో అప్పగించే తీరును వెల్లడి చేసింది. అందుకే వాదనలతో దాన్ని వదిలించడం అంత కష్టమని చెప్పింది.

వీడ్కోలు

మార్చిలో మైక్‌కు కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో విశ్వవిద్యాలయ ఉద్యోగం వస్తుంది. మార్చి 19 నాటి ‘ది స్టివిక్స్ గో వెస్ట్’లో సామాన్లు సర్దుకుంటారు. గడప వద్ద మైక్ మామగారిని కౌగిలించుకుని, తనకు ఆయనంటే ప్రేమేనని చెబుతాడు. ఆర్చీకి అలాంటి మాటలకు జవాబివ్వడం చేతకాదు. అతని చేతులు మాత్రం అల్లుడి వీపును తడుముతాయి. కారు వెళ్లిపోయాక ముందుగదిలో పాత కుర్చీలు, భార్యాభర్తలు మిగులుతారు.

ఈ సీజన్‌కు 1978 ఎమ్మీ పురస్కారాల్లో విశేష గుర్తింపు లభించింది. ఉత్తమ హాస్య ధారావాహిక పురస్కారంతో పాటు ఓకానర్ ఉత్తమ నటుడిగా, స్టేపుల్టన్ ఉత్తమ నటిగా, రైనర్ ఉత్తమ సహాయ నటుడిగా ఎంపికయ్యారు. ‘ఈడిత్స్ ఫిఫ్టియత్ బర్త్‌డే’కు దర్శకత్వ విభాగంలో బొగార్ట్‌కు, ‘కజిన్ లిజ్’కు రచనా విభాగంలో దాని రచయితలకు పురస్కారాలు దక్కాయి.

ధారావాహిక ముగిసినట్లేనని భావించి, 1978 సెప్టెంబరులో ఆర్చీ, ఈడిత్ కూర్చునే కుర్చీలను వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించారు. అవి పాత సామాన్ల దుకాణంలో కొన్న కుర్చీలు. సీబీఎస్ మరో సీజన్ కావాలనడంతో, వాటికి నకళ్లు కొత్తగా తయారు చేయించాల్సి వచ్చింది. తొమ్మిదో సీజన్ 1979 ఏప్రిల్ 8న ముగిసింది. అనంతరం కథ ‘ఆర్చీ బంకర్స్ ప్లేస్’గా 1983 వరకు సాగింది. స్టేపుల్టన్ తప్పుకోవాలని కోరుకోవడంతో ఈడిత్ నిద్రలోనే మరణించినట్లు 1980 నవంబరు 2 నాటి ఎపిసోడ్‌లో చూపారు. భార్య చెప్పు ఒకటి చేతబట్టుకుని ఆర్చీ ఏడ్చే దృశ్యం దానికి ఆయువుపట్టు. ఆ దుఃఖం ప్రేక్షకులకు అంత దగ్గరగా తాకడానికి ఎనిమిదో సీజన్‌లో ఈడిత్ పాత్రకు లభించిన లోతు ఒక ముఖ్య కారణం.

ఆ నవ్వు ఎవరి పక్షం?

‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ని మొదటి నుంచీ వెంటాడిన ప్రశ్న ఒకటుంది. దురభిమానిని నవ్వులపాలు చేస్తే దురభిమానం తగ్గుతుందా, లేక అతడు అందరికీ ఇష్టుడైపోతాడా? యూదు వ్యతిరేకతపై ‘జెంటిల్మన్స్ అగ్రిమెంట్’ నవల రాసిన లారా జెడ్ హాబ్సన్ 1971లోనే న్యూయార్క్ టైమ్స్‌లో ఈ ధారావాహికను తీవ్రంగా విమర్శించారు. ఆర్చీ వంటివారిని ముద్దొచ్చే మనుషులుగా చూపడం ప్రమాదకరమన్నది ఆమె అభ్యంతరం. లియర్ దానికి బదులిచ్చారు.

1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ ఒక అధ్యయనం వెలువరించారు. అమెరికాలోని విద్యార్థులను, కెనడాలోని పెద్దలను వారు ప్రశ్నించారు. దురభిప్రాయాలు ఎక్కువగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీని మెచ్చుకునే అవకాశం ఎక్కువని, వాదనలో అతడే గెలుస్తున్నాడని భావించేవారని తేలింది. ఒకే దృశ్యాన్ని చూసి ఇద్దరు నవ్వారు. ఒకరు ఆర్చీని చూసి, మరొకరు ఆర్చీతో కలిసి. ప్రతికూలంగా చిత్రించిన పాత్రను ప్రేక్షకులు ఆదర్శంగా స్వీకరించడాన్ని సమాచార శాస్త్రంలో ‘ఆర్చీ బంకర్ ప్రభావం’ అని వ్యవహరించసాగారు.

ఈ పదం భారతీయ టెలివిజన్ చర్చల్లోకి కూడా వచ్చింది. దూరదర్శన్‌లో 1984 జులై 7న మొదలైన ‘హమ్ లోగ్’ మన దేశపు తొలి దీర్ఘ ధారావాహిక. మనోహర్ శ్యామ్ జోషీ రచించిన ఆ 156 ఎపిసోడ్లలో భగవంతి అనే తల్లి అన్నీ సహించే ఇల్లాలు. అలాంటి సహనం స్త్రీకి చేసే కీడును చూపాలన్నది రూపకర్తల ఉద్దేశం. పరిశోధకులు అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ ప్రేక్షకులను పరిశీలించినప్పుడు, చాలామంది భగవంతిని ఆదర్శ మాతృమూర్తిగా భావించినట్లు వెల్లడైంది. దీన్ని వివరించడానికి వారు ఆర్చీ బంకర్‌తోనే పోల్చారు. ప్రతి ఎపిసోడ్ చివర నటుడు అశోక్ కుమార్ వచ్చి మంచిచెడ్డలు విడమరిచి చెప్పినప్పటికీ ఈ ఫలితం వచ్చింది.

ఎనిమిదో సీజన్‌ను ఈ ప్రశ్న వెలుగులో చూస్తే దాని ప్రత్యేకత తెలుస్తుంది. తొలి సీజన్లలో ఆర్చీ మాటలకు ఎదురు నిలిచింది మైక్ వాదన. వాదనలో ఎవరు గెలిచారన్నది చూసేవారి ఇష్టాన్ని బట్టి మారిపోయింది. ఎనిమిదో సీజన్‌లో వాదన స్థానంలోకి నష్టం వచ్చింది. వెరోనికా ఉద్యోగం, బెవర్లీ ప్రాణం, గిడ్డంగిలో ఒక పిల్లవాడి జ్ఞాపకం. వీటిని చూసి ఆర్చీ గెలిచాడని అనుకోవడం కష్టం. ఎంతటి అభిమానికైనా బెవర్లీ మరణంలో నవ్వుకోవడానికి ఏమీ దొరకదు.

అయినా రచయితలు ఆర్చీని మార్చేయలేదు. సీజన్ చివర కూడా అతడు దాదాపు అదే మనిషి. మారింది అతని చుట్టూ ఉన్న ఇల్లు. ఈడిత్ తన నిర్ణయాలు తాను తీసుకోవడం మొదలుపెట్టింది. కూతురు తల్లికి ధైర్యం చెప్పే స్థాయికి ఎదిగింది. అల్లుడు మామను అర్థం చేసుకున్నాడు, ఏకీభవించలేదు. కుటుంబాల్లో అభిప్రాయాలు సాధారణంగా ఇలాగే మారతాయి. ఒకరి మనసు మారడం కంటే ముందు, మిగిలినవారు అతని మాటకు ఇచ్చే విలువ మారుతుంది.

క్యారల్ ఓకానర్ 2001లో, జీన్ స్టేపుల్టన్ 2013లో, నార్మన్ లియర్ 101 ఏళ్ల వయసులో 2023లో కన్నుమూశారు. ఆర్చీ కుర్చీ వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ ప్రదర్శనశాల సంపదలో భాగంగా ఉంది. చేతులపై బట్ట అరిగిన, పాత ఇళ్లలో పెద్దాయన తప్ప ఇంకెవరూ కూర్చోని కుర్చీల్లాంటి మామూలు కుర్చీ అది.